బెల్టుకు వినబడని మన్నింపులు

ఇటు జరగండి. ఆ చాప చివర కూర్చుంటే నా మాట మీకేం వినబడుతుంది? టీ వేడిగా ఉంది, కలకండ పలుకు బుగ్గన పెట్టుకుని తాగుతూ వినండి. మా వీధిలో ఈ సంగతిని అందరూ ఇప్పటికే తలకిందులు చేసి చెప్పుకుంటున్నారు. అందుకే నా నోటి నుంచే వినండి. నేను చదివింది రెండో తరగతి దాకానే. అయినా నలభై ఏళ్ల కిందట జోగ్జా పట్నం పెద్ద బజారులో ఏ మెట్టు మీద ఎవరు ఏ బస్తా దించారో ఈ రోజుకీ చెప్పగలను. ఇది జరిగి ఏడాది కూడా కాలేదు. ఇందులో ఒక్క మాట కూడా పొల్లుపోదు.

మా ఆయన సుకర్ది పోయి అప్పటికి తొమ్మిది నెలలు. రువా నెల వస్తోంది. ఉపవాసాల నెలకు ముందు వచ్చే ఆ నెలలో మా సెందంగ్‌వుని పల్లె అంతా కొండెక్కి, సమాధుల చుట్టూ గడ్డి పీకి, పూలు చల్లి, ప్రార్థన చేసి, బియ్యప్పిండి అపెం రొట్టెలు పంచుకుని దిగుతుంది. మెట్లు నూట ఎనభై ఆరు. ఆయన పోయాక వచ్చిన మొదటి రువా అది. ఆ రోజు ఆయన మీద పడే మొదటి గుప్పెడు పూలు నా చేతివి కావాలి. చివరి వారంలో మంచం మీద నుంచి ఆయన అడిగింది ఒక్కటే. "రువాకి గులాబీలు ఎక్కువెయ్యి తుమిరా. సంపెంగలు వద్దు, వాటి వాసనకి నాకు తల పగులుద్ది." సరేనన్నాను. నాకు కావలసింది అంతే. ఆ నూట ఎనభై ఆరు మెట్లు ఎక్కడం.

ఎక్కలేనా? నాకు డెబ్భై ఒకటి. పెద్ద బజారులో ముప్ఫై ఎనిమిదేళ్లు వీపు మీద బస్తాలు మోశాను. చారల నూలు మోతగుడ్డ భుజం మీంచి అడ్డంగా కట్టి, ఉల్లిగడ్డల బస్తా వీపుకెత్తుకుని, మూడో అంతస్తు దాకా. ఆయన నలభయ్యో రోజున ఈ కొండ ఎక్కాను. నూరో రోజున కూడా ఎక్కాను. కొండకు నాతో ఏ పేచీ లేదు. పేచీ అంతా కాగితాలతోనే.

కిందటి రువాలో ముసలి కసన్ మెట్ల మీద జారి తుంటి విరగ్గొట్టుకున్నాడు. దాంతో మా పల్లెపెద్ద వకిజోకి, పాక్ వకిజో అంటాం, అంటే వకిజోగారని, భయం పట్టుకుంది. సరిగ్గా ఆ సమయానికే పట్నం యూనివర్సిటీ నుంచి హప్సారి అనే పిల్ల దిగింది. ఇరవై ఆరేళ్లది, గుండ్రటి కళ్లద్దాలు, భుజానికి బరువైన సంచీ. ముసలివాళ్ల గురించి చదువుతోందట. అరవై దాటిన వాళ్లందరినీ మండపంలో కూర్చోబెట్టి తలా ఒక బెల్టు ఇచ్చింది. నల్లటి బెల్టు, దాని వెనక అగ్గిపెట్టెంత పెట్టె. ఏడు రోజులు నడుముకు కట్టుకోవాలి. స్నానానికి మాత్రం విప్పాలి.

"ఇదేం చేస్తుంది గెందుక్?" అని అడిగాను. మా వైపు ఆడపిల్లల్ని ముద్దుగా అలాగే పిలుస్తాం. వాళ్లు మా ముసలివాళ్లని ఎంబా అంటారు, అవ్వా అన్నట్టు.

"మీరు ఎంత వేగంగా నడుస్తారు, అడుగు ఎంత పొడుగు, నడుం ఎంత వంగుతోంది, ఎటైనా తూలుతున్నారా, కూర్చుని ఎంతసేపట్లో లేస్తున్నారు... అన్నీ చూస్తుంది ఎంబా. చూసి కంప్యూటరుకి చెప్తుంది. ఆ కంప్యూటరుకి వేలమంది పెద్దవాళ్ల నడక చూపించి నేర్పించారు. ఎవరు గట్టిగా ఉన్నారో, ఎవరు పడిపోయేలా ఉన్నారో అది ముందే చెప్పేస్తుంది."

"పడకముందేనా?"

"అదే కదా దాని పని!"

"నా కోడలు పడుద్దని నేను యాభై మూడేళ్లుగా చెప్తానే ఉన్నా. నాకెవరూ బెల్టివ్వలేదే!" అంది పక్కనే కూర్చున్న మా అత్తగారు.

ఆవిడ పేరు తుగియెం. తొంభై మూడేళ్లు. మా సెందంగ్‌వునిలో ఆవిడకంటే పెద్దవాళ్లు ఎవరూ మిగల్లేదు. ఎండిన చింతకాయలా ఉంటుంది, ముప్ఫై నాలుగు కిలోల మనిషి. వీపు మాత్రం గోడకు ఆనించిన నిచ్చెనలా నిటారుగా ఉంటుంది. నేను ఆవిడను సింబోక్ అంటాను, అంటే అమ్మ అని. ఆవిడ నన్ను ఏమేమి అంటుందో అన్నీ చెప్పుకుంటూ పోతే టీ చల్లారిపోతుంది.

మా ఇల్లు ఎలా ఉంటుందో ఒక్క ముక్క చెప్పాలి, లేకపోతే తర్వాతది అర్థం కాదు. ముందు సన్నటి వసారా. వసారా మధ్యలో వెదురు బల్ల. పొద్దున ఆరింటికి తాంబూలం డబ్బాతో ఆ బల్ల ఎక్కిన మా అత్తగారు, కోడిని తోలడానికి తప్ప, మళ్లీ చీకటి పడ్డాకే దిగుతుంది. వంటిల్లు ఆ బల్లకు ఈ పక్క. బావి, కోళ్లగూడు, మరుగుదొడ్డి, బట్టల తాడు అన్నీ ఆ పక్క. నేను ఎటు పోవాలన్నా ఆవిడ ముందు నుంచే పోవాలి.

ఏడు రోజులు కట్టుకున్నాం. ఎనిమిదో రోజున హప్సారి బెల్టులు పోగుచేసుకుని పోయింది. పది రోజులకు కార్డులతో తిరిగొచ్చింది. ఆకుపచ్చది అయితే గట్టి మనిషి. పసుపుపచ్చది అయితే జాగ్రత్త. ఎర్రది అయితే దాని మీద పెద్ద అక్షరాలతో ఒకే మాట: పెళుసు.

నా కార్డు ఎర్రది.

కోపం రాకూడదనే అనుకున్నాను. మళ్లీ చూసుకున్నాను. తుమిరా, డెబ్భై ఒకటి, పెళుసు. ఇదేం మాటండీ? పెళుసు అనేది రొయ్యల వడియాన్ని అంటారు. నూనెలో వేయించి, వేలితో నొక్కితే పటుక్కుమనేదాన్ని. మనిషిని అంటారా? ఉల్లిగడ్డల బస్తాలు మోసిన నడుం ఇది. దీన్ని పట్టుకుని వడియం అంటారా?

సరే, మా అత్తగారి కార్డు ఎలా ఉందో చూద్దామని లాక్కున్నాను. ఆకుపచ్చ. లేత అరిటాకంత ఆకుపచ్చ. తుగియెం, తొంభై మూడు, గట్టి.

మండపంలో వాళ్లు నా కార్డు, ఆవిడ కార్డు మార్చి మార్చి చూశారు. తర్వాత అందరూ ఒకేసారి నవ్వారు. మా అత్తగారు కార్డును తాంబూలం డబ్బా మీద నిలబెట్టి చూసుకుంది.

"ఇందులో ఏం రాసుందమ్మాయ్? చదువు," అంది హప్సారితో.

"గట్టి మనిషి అని, ఎంబా."

"ఇంకోసారి చదువు. మా కోడలికి ఆ చెవి సరిగా వినపడదు."

పాక్ వకిజో అప్పుడే తన కాగితం విప్పాడు. ఈసారి రువాకి ఆకుపచ్చ కార్డు, పసుపుపచ్చ కార్డు ఉన్నవాళ్లే కొండెక్కాలట. ఎర్ర కార్డు వాళ్లకు కింద రావిచెట్టు పక్కన టెంటు, కుర్చీలు, మైకు. ప్రార్థన మైకులో వినిపిస్తారట. పూలు ఎవరో ఒకరు పైకి తీసుకెళ్లి చల్లుతారట.

"ఎవరో ఒకరా?" అన్నాను. "మా ఆయన మీద ఎవరో ఒకరు చల్లుతారా?"

"కోప్పడకండి ఎంబా తుమిరా. మీ మంచి కోసమే. మీకేమన్నా అయితే రేపు నేను ఎవరికి సమాధానం చెప్పుకోవాలి?"

"నలభయ్యో రోజున ఎక్కాను. నూరో రోజున ఎక్కాను. నాకేమైంది?"

"అప్పుడు లిస్టు లేదు కదా!"

చూశారా? లిస్టు లేనప్పుడు ఉన్న కాళ్లు లిస్టు వచ్చాక పోయాయన్నమాట. నేను లేచాను. మండపం మూలలో పందిరి వేయడానికి తెచ్చిన సిమెంటు దిమ్మలున్నాయి. మోతగుడ్డ లేదు కాబట్టి భుజం మీది కండువానే మడిచి, ఒక దిమ్మను వీపుకెత్తుకుని, మండపం చుట్టూ మూడుసార్లు తిరిగి, వకిజో కాళ్ల ముందు దించాను.

ఆయన దిమ్మ వంక చూశాడు. కాగితం వంక చూశాడు. "అది కంప్యూటరు చూడలేదు కదా ఎంబా," అన్నాడు.

ఇప్పుడు చెప్పండి, నేనేం చెయ్యాలి? ఈ వకిజోని పసివాడప్పుడు వాళ్లమ్మ పొలానికి పోతే నా మోతగుడ్డలోనే వేసుకుని తిప్పాను. ముక్కు చీదించాను. ఇవాళ పల్లెపెద్ద అయ్యాడని మీరు మీరు అంటున్నానా, ఆ కోపంలో అదంతా పోయింది. "ఒరే వకిజో, నువ్వు నా వీపు మీద ఉచ్చ పోసినప్పుడు ఈ వీపు పెళుసని తెలియలేదురా నీకు?" అన్నాను. మండపం గొల్లున నవ్వింది. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. కాగితం మాత్రం చేతిలోంచి వదల్లేదు.

మీరు అడగొచ్చు, ముందురోజే వెళ్లి చల్లి రావచ్చు కదా అని. రావచ్చు. కానీ యాభై మూడేళ్లు కాపురం చేసిన మొగుడి దగ్గరికి నేను దొంగలా పోవాలా? ఆయన అడిగింది రువా రోజున. ఊరంతా ఉన్నప్పుడు, అపెం వాసన వస్తున్నప్పుడు.

ఇంటికొచ్చాక ఇంకో నరకం. మా అత్తగారు ఆ ఆకుపచ్చ కార్డును వసారా గోడకు, మక్కా కేలండరు పక్కన అంటించింది. నీళ్ల బిందెతో నేను ముందు నుంచి పోతుంటే, "చూసి నడువు పెళుసూ, బిందె పగులుద్ది," అంటుంది. బియ్యం చేటతో పోతుంటే, "గట్టివాళ్లెవరన్నా వచ్చి పట్టుకుంటారేమో పిలవనా?" అంటుంది. మూడు రోజులు. మూడు రోజులూ నేను పళ్లు నూరుకుంటూ, వంగి, కుడిచెయ్యి కిందికి చాపి, "నువున్ సెవు, సింబోక్" అంటూ ఆవిడ ముందు నుంచి పోతూనే ఉన్నాను.

మా దగ్గర పెద్దవాళ్లు కూర్చుని ఉంటే వాళ్ల ముందు నుంచి నిటారుగా పోకూడదు. నడుం వంచాలి, కుడిచెయ్యి మోకాలి దాకా జార్చాలి, చిన్న చిన్న అడుగులేస్తూ, నువున్ సెవు అనాలి. వెయ్యి మన్నింపులు అడుగుతున్నానని ఆ మాటకు అర్థం. దాన్ని ఎవరూ పనిగట్టుకుని నేర్పరు. అమ్మ నడుస్తుంటే వెనక పిల్ల నడుస్తుంది, అంతే. మనసులో ఎంత తిట్టుకుంటున్నా నడుం దానంతటదే వంగిపోతుంది.

నాలుగో రోజు సాయంత్రం హప్సారి మా ఇంటికి వచ్చింది. నన్ను ఓదార్చడానికట. వేయించిన చిలగడదుంప పొట్లం తెచ్చింది. నేను వంటింటి గుమ్మంలో కూర్చుని మొహం తిప్పుకున్నాను.

"ఎంబా, నా మీద కోపమా?"

"నీ మీదెందుకు గెందుక్? నువ్వు ఇచ్చిన రంగు మీద."

"ఆ రంగు నేనివ్వలేదు ఎంబా. మీ లెక్కలు చాలాసార్లు చూశాను. మీ నడక మామూలుగా బావుంది. కానీ రోజుకి నలభై, యాభై సార్లు ఉన్నట్టుండి నడుం వంగిపోతోంది, అడుగు పొట్టిగా అయిపోతోంది, వేగం సగానికి పడిపోతోంది, కుడివైపు ఒరిగిపోతున్నారు. ఆరేడు అడుగుల తర్వాత మళ్లీ మామూలే. పడబోయి తమాయించుకుంటున్నారని కంప్యూటరు అంటోంది. నిజం చెప్పండి, మీకు కళ్లు తిరుగుతున్నాయా?"

"కళ్లు తిరగడమా! రోజుకి యాభై సార్లు కళ్లు తిరిగితే నేను ఇంత అన్నం వండి, ఈవిడతో ఇన్ని మాటలు పడి బతుకుతానా?"

"చెయ్యి కడుక్కుని వస్తానుండండి," అని ఆ పిల్ల లేచి బావి వైపు నడిచింది.

మా అత్తగారు బల్ల మీద ఉంది. హప్సారి ఆవిడ ముందుకు రాగానే నడుం వంచింది. కుడిచెయ్యి కిందికి జార్చింది. కుడివైపు ఒరిగి, చిన్న చిన్న అడుగులేస్తూ, "నువున్ సెవు, ఎంబా" అంటూ దాటింది. దాటగానే నిటారుగా అయి చకచకా బావి దగ్గరికి పోయింది.

నా చేతిలో చిలగడదుంప చేతిలోనే ఉంది.

"ఏయ్ గెందుక్! ఆగు! ఆగాగు! ఇప్పుడు నువ్వు పడబోయావా?"

"లేదే?"

"కళ్లు తిరిగాయా?"

"లేదు ఎంబా, ఏమైంది?"

"ఏమైందా? నీ సంచీలో బెల్టుందా? తియ్యి. నీ నడుముకే కట్టు!"

అప్పటికీ దానికి అర్థం కాలేదు. చదువుకున్న పిల్ల, పాపం, సొంత నడుము ఏం చేస్తోందో దానికే తెలీదు. బెల్టు కట్టించాను. మా అత్తగారి ముందు నుంచి అటూ ఇటూ పదిసార్లు నడిపించాను. మా అత్తగారు ఉత్సాహంగా ఇంకాస్త ముందుకు జరిగి, ఇంకాస్త పెద్దరికంగా కూర్చుంది. ఆ పిల్ల పదిసార్లూ వంగింది. ఒక్కసారి కూడా ఆలోచించి వంగలేదు. తర్వాత ఫోనులో ఏదేదో నొక్కింది. వయసు దగ్గర నా డెబ్భై ఒకటి వేసింది. చూసింది. అక్కడే అరుగు మీద చతికిలబడింది.

"ఏమంది?" అని అడిగాను.

"పెళుసు," అంది నీరసంగా. "పడే ప్రమాదం బాగా ఎక్కువ."

మా అత్తగారు తాంబూలం నమలడం ఆపి ఆ పిల్లను పైనుంచి కిందికి చూసింది. "ఈ కాలం పిల్లల్లో బలం ఏదీ?" అంది.

అప్పుడు చిక్కుముడి విడిపోయింది. ఆ కంప్యూటరుకి నేర్పించింది ఎక్కడో చల్లటి దేశంలోనట. అక్కడ ముసలివాళ్లు ఒక్కొక్కరే, ఖాళీగా ఉన్న పొడుగాటి వరండాల్లో నడిచారట. ఎదురుగా బల్ల మీద కూర్చుని తాంబూలం నమిలే అత్తగారు ఒక్కరంటే ఒక్కరు లేరు. వంగితే వయసు వల్లే వంగారని అది నేర్చుకుంది. మరి మా అత్తగారికి ఆకుపచ్చ ఎందుకొచ్చింది? పల్లెలో ఆవిడకంటే పెద్దవాళ్లు లేరు కాబట్టి. ఆవిడ ఎవరి ముందూ వంగక్కర్లేదు. నాలుగడుగులు నడిస్తే నాలుగూ నిటారుగానే నడుస్తుంది. కోడి తోటకూర మడిలోకి పోతే బల్ల మీంచి దిగ్గున లేస్తుంది. అది చూసి కంప్యూటరు మురిసిపోయింది.

ఆ బెల్టు ఉత్త అబద్ధాలకోరు అని నేను అనను. వెనకింటి మర్తినెం తూలుతోందని పట్టుకుంది అదే. ఆవిడకి నిజంగానే రక్తం తక్కువైందని ఆస్పత్రిలో తేలింది. కానీ మర్తినెం తూలడం, నేను మర్యాద చెయ్యడం రెండూ దానికి ఒకటే. నడుం వంగడం చూసింది కానీ నోటితో అడిగిన వెయ్యి మన్నింపులు దానికి వినబడలేదు.

"సరే, ఇప్పుడు తెలిసింది కదా. నా కార్డు మార్చు," అన్నాను.

హప్సారి గోళ్లు కొరుక్కుంది. "వెంటనే మార్చడం కుదరదు ఎంబా. మా పెద్దసారు ఒప్పుకోవాలి. కంప్యూటరుకి మళ్లీ నేర్పించాలి. కొత్తగా చాలామందిని కొలవాలి. ఆరు నెలలన్నా పడుతుంది."

"రువా ఆరు రోజుల్లో ఉంది!"

"ఉత్తరం రాసిస్తాను. వకిజో గారికి."

రాసింది. పాపం, చక్కగా రాసింది. మర్నాడు ఆ ఉత్తరాన్ని వకిజోకి చూపించాలని ఆయన్నే మా ఇంటికి పిలిపించాం. వచ్చాడు. వస్తూ వస్తూ మా అత్తగారి ముందు నడుం విరిగేలా వంగి, "నువున్ సెవు, ఎంబా" అని దాటి, మాకు ఎదురుగా కూర్చున్నాడు. హప్సారీ నేనూ ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం.

"పాక్ వకిజో, మీరిప్పుడు ఏం చేశారు?" అన్నాను.

"ఏం చేశాను? వచ్చి కూర్చున్నాను."

"మధ్యలో?"

"మధ్యలో ఏముంది?"

నా తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది. ఉత్తరం రెండుసార్లు చదివాడు. బావుంది అన్నాడు. అర్థమైంది అన్నాడు. "కానీ ఎంబా, కమిటీ తీర్మానంలో కార్డు అని ఉంది. ఉత్తరం అని లేదు," అన్నాడు.

నేను లేచి వంటింట్లోకి పోయి కొబ్బరి తురమడం మొదలెట్టాను. ఎవరినీ కొట్టకుండా ఉండాలంటే కొబ్బరి తురమాలి. వసారాలో మా అత్తగారి గొంతు వినబడింది.

"ఒరే వకిజో, ఆ తీర్మానం మొత్తం ఈ పిల్లతో చదివించు. నాకు చదువు రాదు. గట్టి మనిషిని కదా, నాకేం రాశారో తెలుసుకోవద్దూ?"

హప్సారి చదివింది. ఒకటి, రెండు, మూడు... నాలుగో దాంట్లో ఇలా ఉంది: ఆకుపచ్చ కార్డు ఉన్న పెద్దలు తమ వెంట ఒక తోడును కొండపైకి తీసుకుపోవచ్చు. తోడు ఎవరన్నది ఆ పెద్దల ఇష్టం.

తురిమే చెయ్యి ఆగిపోయింది.

"ఇంకోసారి చదువు," అంది మా అత్తగారు.

"ఎంబా," అన్నాడు వకిజో కంగారుగా, "మీరు కొండెక్కి ఆరేళ్లయింది..."

"నేను పెళుసా?"

"కాదు, కానీ..."

"నీ కంప్యూటరు ఏమంది?"

"గట్టి అంది."

"నాకు తోడు కావాలి. మా కోడలు. అయిపోయింది, పోయి పనిచూసుకో."

వకిజో మళ్లీ వంగి, మన్నింపులు అడిగి వెళ్లిపోయాడు. నేను వంటింట్లోంచి తొంగిచూశాను. మా అత్తగారు నా వంక చూడలేదు. "కొబ్బరి మాడిపోద్ది, చూసుకో," అంది. పొయ్యి మీద కొబ్బరే లేదు.

రువా రోజు పొద్దున హప్సారి ఇద్దరికీ బెల్టులు కట్టింది. కొత్తగా నేర్పించడానికి పనికొస్తాయంది. కట్టుకోమంది కట్టుకున్నాం. మెట్ల కింద వకిజో లిస్టు పట్టుకుని నిలబడ్డాడు. టెంటు కింద ఎర్ర కార్డుల వాళ్లు తొమ్మిది మంది కుర్చీల్లో ఉన్నారు. మైకు కీచుమంటోంది. మా అత్తగారు తన కార్డు చూపించింది. ఆరు మెట్లు తనే ఎక్కింది, నిటారుగా. ఏడో మెట్టు ముందు ఆగింది.

"తోడూ," అంది. "మోతగుడ్డ తెచ్చావా?"

నేను కడుపుకి చుట్టుకునే తెచ్చాను. ఆవిడకు చెప్పలేదు, ఆవిడ నాకు చెప్పలేదు. విప్పి, ఆవిడ కిందుగా తిప్పి, భుజం మీంచి లాగి, ఎదమీద ముడి బిగించాను. ముప్ఫై నాలుగు కిలోలు. ఉల్లిగడ్డల బస్తాలో సగం. కాకపోతే బస్తా మాట్లాడదు.

"తూలకు."

"తూలడం లేదు సింబోక్."

"ఎడంవైపు మెట్టు విరిగుంది."

"చూశాను."

"నీ జుట్టుకి ఏం నూనె రాశావ్? ఈ వాసనేంటి?"

"మీరు కొనిపించిందే."

ఎనభయ్యో మెట్టు దగ్గర ఊపిరి తీసుకోవడానికి ఆగాను. అక్కడ ఆవిడ నా చెవి దగ్గర మెల్లగా, "వాడు పుట్టినప్పుడు నేను కూడా ఇలాగే ఎత్తుకుని ఎక్కాను. మా అత్తకి చూపించడానికి," అంది. అంతే. ఆయన పోయిన తొమ్మిది నెలల్లో కొడుకు గురించి ఆవిడ నోట వచ్చిన మొదటి మాట అది. నేను ముడి ఇంకాస్త బిగించుకుని మళ్లీ ఎక్కాను.

పైకి చేరేసరికి ఊరంతా అక్కడుంది. ఎర్ర కార్డు మనిషి ఆకుపచ్చ కార్డు మనిషిని మోసుకొస్తుంటే అందరూ దారిచ్చారు. ఎవరూ నవ్వలేదు. ఆయన సమాధి దగ్గర ఆవిణ్ణి దించాను. పూల బుట్ట విప్పాను. గులాబీలు, మల్లెలు. ఒక్క సంపెంగ కూడా లేదు, రెండుసార్లు ఏరాను. మొదటి గుప్పెడు నాది. రెండోది ఆవిడది. కొడుకు ముందు తల్లి వంగదు కదా, నిటారుగా నిలబడే చల్లింది. చెయ్యి మాత్రం చాలాసేపు గాల్లోనే ఉండిపోయింది.

తర్వాత తన అత్తగారి సమాధి చూస్తానంది. నాలుగు వరసల అవతల. చెయ్యి పట్టుకోబోతే విదిల్చేసింది. నడిచింది. ఆ నాచు పట్టిన రాయి దగ్గరికి రాగానే, నేను నా కళ్లతో చూశాను, ఆ నిచ్చెనలాంటి వీపు వంగింది. కుడిచెయ్యి మోకాలి కిందికి జారింది. చిన్న చిన్న అడుగులేస్తూ, "నువున్ సెవు, సింబోక్," అంటూ ఆ రాయి ముందు నుంచి దాటింది. డెబ్భై ఏళ్లకు ముందే పోయిన మనిషి ముందు. ఆ వసారాలో, ఆ బల్ల ముందు, ఆవిడ కూడా నాలాగే ఎన్ని వేలసార్లు అటూ ఇటూ నడిచిందో నేనెప్పుడూ అనుకోనే లేదు.

కిందికి దిగాక హప్సారి ఫోను చూసుకుంది. నవ్వుతోందో ఏడుస్తోందో తెలియలేదు. "ఇద్దరూ ఎరుపే ఎంబా. మీది మేము ఇప్పటిదాకా కొలిచినవాళ్లందరిలోకీ అధ్వానం. నడవలేని మనిషి అంటోంది."

"నూట ఎనభై మెట్లు ఎక్కాక?"

"వేగం లేదు, నడుం పూర్తిగా వంగిపోయింది అంటోంది."

"వీపు మీద ఎవరున్నారో దాన్ని అడగమను," అన్నాను. "గెందుక్, నీ పుస్తకంలో ఒక గడి ఎక్కువ గీయి. అడుగులు, వేగం, వంపు అని రాసుకున్నావు కదా, దాని పక్కన. ఎదురుగా ఎవరు కూర్చున్నారు అని రాసుకో. నీ కంప్యూటరుకి ముందు అది నేర్పు."

ఆ పిల్ల అక్కడే మెట్టు మీద కూర్చుని గీత గీసింది. వకిజో వచ్చి, తీర్మానంలో నాలుగోది వచ్చే ఏడు తీసేద్దామా అని అడిగాడు. మొత్తం తీర్మానమే తీసెయ్యరా అన్నాను. కమిటీలో పెడతానన్నాడు. ఇంకా పెడుతూనే ఉన్నాడు.

ఆ రాయి ముందు వంగినందుకేమో, మా అత్తగారికి కూడా ఎర్ర కార్డు వచ్చింది. ఆవిడ దాన్ని తాంబూలం డబ్బా కింద దాచింది. గోడ మీది ఆకుపచ్చది మాత్రం అలాగే ఉంది. ఇవాళ పొద్దున కూడా నీళ్లబిందెతో పోతుంటే, "చూసి నడువు పెళుసూ," అంది. నేను వంగాను. ఇంకేం చేస్తాను?

ఇదీ జరిగింది. మీకు నచ్చిందో లేదో నాకు తెలీదు, కానీ ఒక్కటి మాత్రం గుర్తుపెట్టుకోండి. రేపు మీరు ఇంకెక్కడైనా ఈ సంగతి చెప్పుకునేటప్పుడు, తొంభై మూడేళ్ల గట్టి అత్తగారు ఎర్ర కార్డు కోడల్ని వీపున వేసుకుని కొండెక్కిందని మాత్రం చెప్పకండి. మా వీధిలో ఇప్పుడు అలాగే తిరుగుతోంది. ఆవిడ బల్ల మీద కూర్చుని వింటుంది, ఔననదు, కాదనదు. మోసింది నేను. నూట ఎనభై మెట్లు, ముప్ఫై నాలుగు కిలోలు, దారిపొడుగునా ఆవిడ మాటలు. ఎవరికి చెప్పినా అలాగే చెప్పండి, మరిచిపోకండి.